మధ్యది చెల్లెలు చుట్టాలి

గిటార్ మేస్త్రికి కోపం ముక్కుమీద ఉంటుందని అందరూ అంటారు. అది నిజం కాదు. ఆయన కోపం నెత్తిమీద గంపలా ఉంటుంది. దాన్ని దించడానికి రోజూ ఎవరిదో ఒకరి తల దొరకాలి. ఆ ఏడాది దొరికిన తలలు మూడు. పైఅంతస్తులో పళ్ళ డాక్టరు, వీధి చివర ఎలక్ట్రీషియన్, రాగి తీగ అమ్మే షాపతను. ముగ్గురితోనూ మాటలు పోయాయి. ముగ్గురి తప్పూ ఒకటే: మేస్త్రి చేసిన గిటార్లలో రొద వస్తోంది.

రొద అంటే పాటలో తప్పు కాదు. గిటార్ యాంప్లిఫయర్‌కి తగిలించి, చేయి వేయకముందే, వెనకాల ఎవరో నోరు మూసుకుని గుర్రుపెడుతున్నట్టు ఒక చప్పుడు. వాయిస్తే దాక్కుంటుంది, ఆపితే బయటికొస్తుంది. చెవిలో జోరీగ నయం, అది ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోతుంది.

మేస్త్రి పని పికప్‌లు చుట్టడం. అందులో పెద్ద విశేషమేమీ లేదు. ఆరు అయస్కాంతపు మేకులు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ ఎనిమిది వేల చుట్లు. గిటార్ తీగ కదిలితే ఆ కదలికను పట్టుకుని యాంప్లిఫయర్‌కి పంపడం దాని ఉద్యోగం. కానీ దానికి తనవాళ్ళెవరో పరాయివాళ్ళెవరో తెలియదు. గోడల్లో తీగలు, ట్యూబులైట్లు, మోటార్లు చేసే కరెంటు రొదను కూడా ఆప్యాయంగా పట్టుకుని పంపేస్తుంది. అలాంటివి ఒక్కో గిటార్‌కి మూడు ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా మోగినప్పుడు కొంచెం రొద ఉంటుందని వాయించేవాళ్ళందరికీ తెలుసు, సర్దుకుపోతారు. కానీ మేస్త్రి షాపు గిటార్లకు ఒక పేరుంది. గిటార్ మీదుండే మీటను జరిపి, మధ్య పికప్‌తో పక్కదొకటి కలిసి మోగేలా పెడితే రొద పూర్తిగా మాయమయ్యేది. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. రికార్డింగ్ స్టూడియోల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది దానికోసమే.

ఆ నిశ్శబ్దం తన మైనం మహిమ అని మేస్త్రి నమ్మకం. చుట్టిన పికప్‌ని కరిగిన తేనెమైనంలో ముంచి, బుడగలన్నీ పోయేదాకా కాపలా కాసి, బయటికి తీసి ఆరబెట్టేవాడు. ఆ పని నిజంగానే ఎంతో బాగా చేసేవాడు. మైనం ఎంత వేడి మీద ఉండాలో వేలు పెట్టి చెప్పేవాడు. ఎవరైనా రహస్యం అడిగితే మైనం గిన్నె వైపు చూసి చిన్నగా నవ్వేవాడు. ఈ ప్రపంచంలో పికప్‌లు చుట్టే ప్రతివాడికీ తెలిసిన సంగతి, పుస్తకాల్లో అచ్చయి ఉన్న సంగతి, తనకు తెలియదని ఆయనకు తెలియదు. పుస్తకం తెరిస్తే పని రానట్టు లెక్క అని ఆయన వాదన.

షాపు మేస్త్రి నాన్న పెట్టినది. సన్నటి గది, మధ్యలో బల్ల, బల్లమీద కుట్టుమిషన్ మోటారుతో నాన్న సొంతంగా చేసుకున్న చుట్టుడు యంత్రం. దానికి అటొక స్టూలు, ఇటొక స్టూలు. ఇటువైపు కొడుకు, అటువైపు కూతురు. కూతురిది ఎడమచేతి వాటం. నాన్న ఉన్నంతకాలం ఒకటే నియమం. "మొదటిదీ చివరిదీ నువ్వు చుట్టరా. మధ్యది చెల్లెలు చుట్టాలి." ఎందుకని మేస్త్రి ఒక్కసారి కూడా అడగలేదు. చిన్నపిల్ల మనసు నొచ్చుకోకుండా నాన్న ఒక వాటా పడేశాడని అనుకున్నాడు. ఆ చిన్నపిల్లకు నలభై ఒకటి వచ్చాక కూడా అలాగే అనుకున్నాడు.

నాన్న పోయిన కొన్నాళ్ళకు ఎవరో పత్రిక మనిషి షాపుకొచ్చాడు. మేస్త్రి మైనం గురించి అరగంట చెప్పాడు. ఆ మనిషి ఎదురు స్టూలు వైపు చూసి, మరి ఆవిడ చేసేదేమిటని అడిగాడు.

"చుట్టడమా? అందులో ఏముందండీ. యంత్రం చేస్తుంది. అక్కడ ఎవరు కూర్చున్నా ఒకటే."

చెల్లెలి వేళ్ళ మధ్య అప్పుడు తీగ పరిగెడుతోంది. ఆమె ఆపలేదు. ఎనిమిది వేల చుట్లూ పూర్తిచేసి, తీగ తెంపి, గుడ్డ టేపు అంటించి, పికప్‌ని సొరుగులో పెట్టింది. చేతులు కడుక్కుంది. పత్రిక మనిషికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రెండు వీధుల అవతల ఫ్యాన్లూ పంపు మోటార్లూ రీవైండింగ్ చేసే షాపులో చేరిందని తెలిసి మేస్త్రి, "గిటార్ నుంచి ఫ్యాన్లకి దిగింది, బాగుంది," అన్నాడు. ఆ మాట ఆమెకు చేరాలనే పెద్దగా అన్నాడు. చేరింది కూడా.

అయితే ఆమె వెళ్ళగానే రొద రాలేదు. వచ్చి ఉంటే మేస్త్రికి కూడా అర్థమయ్యేదేమో. సొరుగులో ఆమె చుట్టి పెట్టిన మధ్య పికప్‌లు ఇరవై దాకా మిగిలాయి. అవన్నీ వాడుకోవడానికి ఏడాది పట్టింది. సొరుగు ఖాళీ అయిన నెలలోనే రొద మొదలైంది. ఖాళీ సొరుగు ఎదురుగానే ఉంది, కానీ ఆయన పైకప్పు వైపు చూశాడు.

పైన పళ్ళ డాక్టరు. ఆయన డ్రిల్లు వల్లే రొద అని మేస్త్రి తేల్చి, రుజువు చేయడానికి ఒక రోజు మెట్లకింద మెయిన్ స్విచ్ కట్టేశాడు. పైన ఎవరి నోట్లోనో డ్రిల్లు సగంలో ఆగిపోయింది. గొడవ వీధి అంతా విన్నది. తర్వాత ఎలక్ట్రీషియన్ని పిలిచి, నువ్వు ఎర్తింగ్ సరిగ్గా వేయలేదన్నాడు. ఎలక్ట్రీషియన్ మళ్ళీ తవ్వి వేశాడు, రొద అలాగే ఉంది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని అతను గొణిగితే, మేస్త్రి గడప దిగమన్నాడు. ఆ తర్వాత రాగి తీగ కల్తీది అయింది. తీగల షాపతను ఓర్పుగలవాడు. రీలు వెనక్కి తీసుకుని, "ఇంకో షాపు చూసుకోండి మేస్త్రీ" అని మాత్రం అన్నాడు.

ఇలా ఉండగా స్టూడియో మేడమ్ వచ్చింది. యాభై దాటిన మనిషి, సగం స్టూడియోల్లో గిటార్ ఆవిడదే. నాన్న హయాంలో చేయించుకున్న గిటార్ ఇన్నేళ్ళూ మరో చేయి పడకుండా చూసుకుంది. మధ్య పికప్‌లో తీగ తెగింది. మళ్ళీ చుట్టమని ఇచ్చి వారం గడువు పెట్టింది. మేస్త్రి చుట్టాడు, మైనం పట్టించాడు, బిగించాడు. ఆవిడ వచ్చి కూర్చుని, మీట జరిపి, ఒక తీగ మీటింది.

ముందు రొద. ఆ పైన, తీగ చప్పుడు జలుబు చేసిన మేక గొంతులా సన్నగా ముక్కుతో వచ్చింది. మేడమ్ మళ్ళీ మీటింది. మళ్ళీ మేకే.

"ఇదేంటి మేస్త్రీ?"

"పైన ఆ పళ్ళ డాక్టరు..."

"ఆదివారం. పైన తాళం వేసుంది. వస్తూ చూశాను." ఆవిడ గిటార్ ఒళ్ళోనే ఉంచుకుంది. "రేపు తొమ్మిదింటికి రికార్డింగ్. పాట మధ్యలో అందరూ ఆగిపోతారు, నేనొక్కదాన్నే మెల్లగా వాయించాలి. ఈ గురక వేసుకుని వెళితే ఇంటికి పంపిస్తారు. పన్నెండేళ్ళుగా అందరినీ మీ దగ్గరికే పంపాను. రేపట్నుంచి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మీరే చెప్పండి."

ఈ ఒక్క మనిషి ముఖం తిప్పుకుంటే ఏ స్టూడియో కూడా తలుపు తీయదు. బయట బోర్డుమీద ఉన్నది నాన్న పేరు. మేస్త్రి పికప్ విప్పి బల్లమీద పెట్టి, మైనం గీకి చూశాడు. అయస్కాంతపు మేకుల నెత్తిన ఎర్రరంగు చుక్కలు కనిపించాయి. చెల్లెలి పికప్‌లన్నిటికీ ఉండేవే. అలంకారం అనుకుని ఏనాడూ పట్టించుకోలేదు. ఎందుకో దిక్సూచి తీసి దగ్గర పెట్టాడు. ముల్లు గిర్రున అటు తిరిగింది. పక్కనున్న పికప్ దగ్గర పెడితే ఇటు తిరిగింది.

"దొరికింది దొంగ!" అని బల్లమీద చరిచాడు. "మేడమ్, చూడండి. అయస్కాంతాలు తలకిందులుగా పెట్టింది. నా చెల్లెలు! నాన్న కళ్ళు మూసుకుని నమ్మాడు, నేనూ నమ్మాను. ఇన్నాళ్ళూ ఈ షాపులో తలకిందులు పని చేసి, పైగా అలిగి వెళ్ళిందండీ మహాతల్లి."

"ఇన్నేళ్ళు బాగానే మోగిందిగా?"

దానికి మేస్త్రి దగ్గర జవాబు లేదు కానీ కోపం ఉంది. ఆయన లెక్కలో రెండూ ఒకటే. తిరగేసి పెట్టి చూద్దామని కూడా ఆగలేదు; చెల్లెలి నోటితోనే, మేడమ్ ఎదుట, తప్పు ఒప్పించాలి. "రండి మేడమ్, రెండు వీధులే. మీ చెవులతో మీరే వినండి." పికప్‌ని గుప్పిట్లో బిగించి ముందు నడిచాడు. గిటార్ సంచీ తగిలించుకుని ఆవిడ వెనక నడిచింది.

మోటార్ల షాపుకి ఆదివారం లేదు. వాకిట్లో పంపు మోటార్లు పొట్టలు విప్పుకుని పడున్నాయి. లోపల వార్నిష్ వాసన, గ్రైండింగ్ మోత, పైన నాలుగు ట్యూబులైట్లు. చెల్లెలు గచ్చుమీద పీటవేసుకుని, ఒక పెద్ద మోటారు గాడుల్లోకి రాగి చుట్టలను ఎడమచేత్తో జొప్పిస్తోంది. షాపు ఓనరు ఆమె పక్కన నిలబడి, "అక్కా, ఇది అయ్యాక ఆ మూడో నంబరు మోటారు ఎందుకు వేడెక్కుతోందో ఒక్కసారి చూడవా" అని బతిమాలుతున్నాడు. ఆ బతిమాలుడు మేస్త్రికి నచ్చలేదు.

"ఇదేంటే ఇది?" అని పికప్ ఆమె ముఖం ముందు పెట్టాడు. "అయస్కాంతాలు తలకిందులుగా ఎవరు పెట్టారు? మేడమ్ ముందు చెప్పు."

చెల్లెలు ముందు మేడమ్‌కి నమస్కారం పెట్టింది. చేతిలో చుట్ట గాడిలో పూర్తిగా దిగేదాకా దించి, అప్పుడు తలెత్తింది.

"నేనే పెట్టాను మేస్త్రిగారూ."

పుట్టినప్పట్నుంచీ అన్నయ్యా అన్న నోరు. మేస్త్రి ఆ పిలుపు విననట్టు నటించి, "విన్నారా మేడమ్!" అన్నాడు.

"దీన్ని మళ్ళీ చుట్టింది మీరేనా?" అని అడిగింది చెల్లెలు.

"నేను కాక ఇంకెవరు?"

"ఎటువైపు చుట్టారు?"

"ఎటువైపేంటి? నలభై ఏళ్ళుగా చుట్టేవైపే. యంత్రం ఎటు తిరిగితే అటు."

"అయస్కాంతాలు కదిలించారా?"

"లేదు. నీ నిర్వాకం అలాగే ఉంది, సాక్ష్యానికి."

"పోన్లెండి. అదొక్కటి మంచిపని చేశారు." ఆమె పికప్ తీసుకుని మేడమ్ వైపు తిరిగింది. అన్నగారు అక్కడ లేనట్టే మాట్లాడింది. "మేడమ్, ఒక తలుపుని ఇద్దరు చెరోవైపు నుంచి సమానంగా నెడితే తలుపు కదలదు కదా. రొద కూడా అంతే. రెండు పికప్‌లలోకీ ఒకేసారి దూరుతుంది. ఒకదాన్ని కుడికి, ఒకదాన్ని ఎడమకి చుట్టారనుకోండి, రెండు రొదలూ ఒకదాన్నొకటి తోసుకుని ఆగిపోతాయి. కాకపోతే అలా చుడితే తీగ చప్పుడు కూడా కొట్టుకుపోతుంది. అందుకే నాన్న నా వాటికి అయస్కాంతాలు తలకిందులు చేయించాడు. అప్పుడు చప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేవైపు నెట్టినట్టు నిండుగా వస్తుంది. నావీ ఈయనవీ కలిసిపోకూడదని ఎర్రచుక్క పెట్టాడు. ఇప్పుడు అయస్కాంతాలు నావి, చుట్టు ఈయనది. రొద రెట్టింపయింది, పాట సగమయింది."

గ్రైండింగ్ చేస్తున్నవాడు కూడా మిషను ఆపి వింటున్నాడు. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంత రహస్యం కడుపులో దాచుకుని నన్ను నవ్వులపాలు చేశావన్నమాట!"

"రహస్యమా? పుస్తకాల్లో బొమ్మ వేసి మరీ ఉంది. నాన్న నీకెందుకు చెప్పలేదో తెలుసా?" కోపంలో మీరు పోయి నువ్వు వచ్చేసింది. "చెప్పబోయాడు. నా ముందే రెండుసార్లు చెప్పబోయాడు. నాకు తెలుసులే నాన్నా అన్నావు. అడిగే నోరు నీకెప్పుడుందని?"

మేడమ్ గడియారం చూసుకుంది. "అమ్మా, రేపు తొమ్మిదింటికి నాకు ఇది మోగాలి. మీరు చుడతారా?"

"మీకోసం చుడతాను. కానీ ఆ షాపు గడప తొక్కను. యంత్రం ఇక్కడికి రావాలి."

ఓనరు ఒక కుర్రాణ్ణి పంపుతానన్నాడు. "అక్కర్లేదు," అంది చెల్లెలు. "అది నాన్న చేసింది. ఎవరంటే వాళ్ళు ఎత్తకూడదు."

కాబట్టి మేస్త్రే ఎత్తాడు. పద్దెనిమిది కిలోల ఇనుమూ చెక్కా, పైన సన్నతీగ రీలు, పొట్టకు కరుచుకుని పట్టపగలు రెండు వీధులు నడిచాడు. తీగల షాపతను తలుపు దగ్గర నిలబడి చూశాడు. ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీదనుంచి చూసి, కింద ఉన్నవాడికి కూడా చూపించాడు. కనీసం వర్షమైనా రావచ్చు కదా అనుకున్నాడు మేస్త్రి. చక్కటి ఎండ.

చెల్లెలు యంత్రాన్ని తనవైపు తిప్పుకుంది. దాని వెనక, ఎప్పుడూ ఆమె వైపే ఉండే చోట, ఒక చిన్న మీట ఉంది. దానిమీద నల్లటి టేపు అంటించి ఉంది.

"ఇదెవరు అంటించారు?"

మేస్త్రే. ఆమె వెళ్ళాక ఒకరోజు చేయి తగిలి యంత్రం వెనక్కి తిరిగింది. చెడిపోయిన స్విచ్ అనుకుని, మళ్ళీ తగలకుండా టేపు వేశాడు. ఆ మాట చెప్పకుండా ట్యూబులైట్ల వైపు చూశాడు. ఆమె టేపు గోటితో ఊడబెరికింది. కింద మీటకు ఎర్రరంగు. మేస్త్రి చుట్టిన తీగ కోసి తీసేసి, పికప్‌ని యంత్రానికి బిగించింది. ఎడమ బొటనవేలితో చూడకుండానే దాన్ని అటు నొక్కింది. యంత్రం రెండోవైపు తిరగడం మొదలుపెట్టింది. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్యనుంచి తీగ పొగమంచులా పోయి చుట్టుకుంది. నాన్న కూడా అలాగే తల కొంచెం పక్కకి వాల్చి చుట్టేవాడని మేస్త్రికి గుర్తొచ్చింది. ఆ గుర్తు రావడం మీద కూడా ఆయనకు కోపమొచ్చింది.

టంకం వేసి, పికప్ బిగించి, తీగలు సరిచేశారు. మేడమ్ కారులోంచి చిన్న యాంప్లిఫయర్ తెప్పించింది.

"ఇక్కడ కాదు మేడమ్," అన్నాడు మేస్త్రి. "ఇన్ని మోటార్లు, ఇన్ని లైట్లు. ఇక్కడ ఏ గిటార్ అయినా అరుస్తుంది."

"ఇక్కడే," అంది చెల్లెలు. ఓనరుతో, "అన్నీ వేసెయ్ తమ్ముడూ," అంది.

మోటార్లు, గ్రైండరు, ఫ్యాన్లు అన్నీ తిరిగాయి. మేడమ్ ఒక్క పికప్ మీద పెడితే యాంప్లిఫయర్ లారీలా గర్జించింది. మీట ఒక్క మెట్టు జరిపింది. గర్జన తెగిపోయింది. షాపంతా మోగుతోంది కానీ యాంప్లిఫయర్‌లో ఏమీ లేదు. మేడమ్ దాని దగ్గరికి వంగి చెవి పెట్టింది, తర్వాత ఒక తీగ మీటింది. నిండైన, గుండ్రటి చప్పుడు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. "ఇదే నా గిటార్," అంది.

తర్వాత ఆవిడ మేస్త్రి వైపు చూసింది. చెల్లెలూ చూసింది. ఒక్క మాట చాలు. అది ఏ మాటో మేస్త్రికి తెలుసు. నోటిదాకా వచ్చింది.

"మైనం పట్టించలేదు," అన్నాడు.

చెల్లెలు చూపు తిప్పేసుకుంది. "మైనం పట్టించేది పికప్ కీచుమనకుండా ఉండటానికి. రొదకి కాదు. తీసుకెళ్ళి పట్టించండి మేస్త్రిగారూ, ఆ పని మీకు బాగా వచ్చు." యంత్రం మీద దుమ్ము తుడిచి ఆయన వైపు జరిపింది. "ఇదీ తీసుకెళ్ళండి. యంత్రం చేస్తుందన్నారుగా. చేయించుకోండి."

మళ్ళీ పొట్టకు కరుచుకుని నడిచాడు. మేడమ్ పక్కనే నడిచింది. షాపులో మైనం పట్టించుకుని, గిటార్ తీసుకుని, వెళుతూ గుమ్మంలో ఆగింది.

"ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో నాకు తెలిసింది మేస్త్రీ. ఇద్దరి పేరూ చెబుతాను."

మర్నాడు మేస్త్రి షాపు తీస్తుంటే పళ్ళ డాక్టరు మెట్లు ఎక్కుతూ ఆగాడు. "ఏం మేస్త్రీ, నిన్న ఊరేగింపు జరిగిందట. రొద ఎక్కడ్నుంచి వస్తోందో తేలిందా?"

"తేలింది."

"ఎక్కడ్నుంచి?"

"నా దగ్గర్నుంచే!" అని కరిచినట్టు అన్నాడు మేస్త్రి.

డాక్టరు రెండు మెట్లు ఎక్కి వెనక్కి తిరిగాడు. "ఆ రోజు నోట్లో డ్రిల్లు పెట్టుకుని కూర్చున్నాయనకి కూడా ఈ మాట చెబితే బాగుంటుంది" అని పైకి వెళ్ళిపోయాడు.

నిన్న చెల్లెలి ఎదుట రాని మాట, ఇవాళ పళ్ళ డాక్టరు ముందు ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుని మేస్త్రి తనను తాను తిట్టుకున్నాడు. రావలసిన చోట రాలేదు. బల్లమీద ఒక కొత్త గిటార్ పని ఉంది. మొదటిదీ చివరిదీ చుట్టాడు. మధ్యదానికి అయస్కాంతాలు తిరగేసి పెట్టి, ఎర్రమీట నొక్కాడు. కుడిచేయి అలవాటు తప్పి తీగ రెండుసార్లు తెగింది. మూడోసారి కుదిరింది. మధ్యాహ్నానికి బిగించి యాంప్లిఫయర్‌కి తగిలించి మీట జరిపాడు.

రొద లేదు. చెల్లెలు చుట్టినంత నిశ్శబ్దంగా ఉంది. ఎవరు కూర్చున్నా ఒకటే అని తను అన్న మాట నిజమేనని యంత్రం ఒప్పుకుంది.

కుదరదనీ, తీగ తెగిపోతూనే ఉంటుందనీ, చుట్టింది మేకలా అరుస్తుందనీ, రేపు మళ్ళీ ఆ మోటార్ల షాపు మెట్లెక్కి "ఇది రావట్లేదే, ఒక్కసారి చూడు" అనాల్సి వస్తుందనీ పొద్దుట్నుంచీ లోలోపల ఆశపడుతున్నాడని ఆయనకు అప్పుడు తెలిసింది. ఇక వెళ్ళడానికి పని సాకు లేదు. వెళితే ఉత్త చేతులతో, ఆ మాట ఒక్కటే పట్టుకుని వెళ్ళాలి. ఎదుటి స్టూలు మీద మైనం గిన్నె ఉంది. చెల్లెలు వెళ్ళినప్పట్నుంచీ దాని చోటు అదే అయిపోయింది. మేస్త్రి లేచి, గిన్నె తీసి కింద పెట్టి, స్టూలు మీద గడ్డకట్టిన మైనాన్ని గోటితో గీకడం మొదలుపెట్టాడు.